కొసరు నీళ్లు

అక్టోబరు 18, ఆదివారం

ఈ డైరీ జనవరిలో నూనె కంపెనీవాళ్లు ఇచ్చారు. ఇన్నాళ్లూ గల్లాపెట్టె కింద పడి ఉంది. ఈ రోజు దుమ్ము దులిపి తీశాను. మనిషి జీవితంలో పెద్ద మలుపు వస్తున్నప్పుడు రాసిపెట్టుకోవాలి.

తెలుగులో రాయడంలో ఒక సౌకర్యం ఉంది. మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం నాకొక్కడికే వచ్చు. మా తాత ఈ కిరాణా కొట్టులోనే బియ్యం మూట మీద కూర్చోబెట్టి నేర్పాడు. తమిళనాడులో అందరిలాగే కమలవేణి బడిలో చదివింది తమిళం. కాబట్టి భార్య గురించి భార్య ఎదుటే కూర్చుని రాసుకోవచ్చు. ఇప్పుడు అదే చేస్తున్నాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏమి రాస్తుండారు?" అంది.

"సరుకులు" అన్నాను.

పొద్దున వరదరాజన్ ఫోన్ చేశాడు. ధర్మపురి జిల్లాలో మా పార్టీకి ఆయనే పెద్ద. వచ్చే ఏడాది మొదట్లో ఎన్నికలు. పోయినసారి మా వార్డూ, మా ఊరి చైర్మన్ పదవీ రెండూ ఆడవాళ్లకని కేటాయించారు కాబట్టి కమలవేణి పేరు ఇచ్చాను. ఈసారి ఎవరైనా నిలబడవచ్చట. "ఇంటికి ఒక్క పేరే. దీపావళి అయిన వారంలో వచ్చి చెప్పండి" అన్నాడు. ఎవరి పేరో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది. ఐదేళ్లుగా పేరు ఆమెది, పని నాది. బస్టాండులో టీ కొట్టువాడి దగ్గర్నుంచి అందరూ నన్నే చైర్మన్ సార్ అంటారు. ఆమెను అక్క అంటారు, అంతే.

అక్టోబరు 20, మంగళవారం

సంత రోజు. బేరం బాగుంది.

సాయంత్రం మా అమ్మాయి హేమప్రియ వచ్చింది. ధర్మపురిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది, కంప్యూటర్ పనంతా వచ్చు. మా ఐదేళ్ల పరిపాలన మీద రంగుల పుస్తకం వేయాలని చెప్పి ఫోటోల సంచీ ముందు పెట్టాను. కొత్త రోడ్డు, వీధిదీపాలు, బడి ప్రహరీ గోడ. అన్నింట్లోనూ నేను కత్తెర పట్టుకొని ఉన్నాను, కత్తెర లేకపోతే కొబ్బరికాయ.

"నాయనా, అమ్మ యాడ?"

"అదిగో, రిబ్బనుకు ఆ పక్క."

"చెయ్యి మాత్రమే కనిపిస్తాది."

"గాజులు చూస్తే తెలీదా ఎవురిదో."

పుస్తకంలో వెనక సగం భవిష్యత్తు గురించి. అది నేనే రాస్తాను. పదేళ్లలో మా ఊరు నగరం కావాలి. నగరమంటే చూడగానే గుర్తుండాలి. ధర్మపురి రోడ్డు మొగదల పెద్ద ఆర్చి, బస్టాండు ముందు గడియారపు స్తంభం, నాలుగు రోడ్ల కూడలిలో రంగు దీపాల ఫౌంటెన్. అదియమాన్‌కోట్టైకి పాత కోట ఉంది, జనం వెతుక్కుంటూ పోతారు. మనకేముంది, టమాటా బుట్టలు తప్ప.

ఇదంతా చదివి వినిపిస్తే కమలవేణి పొయ్యి దగ్గర్నుంచే అడిగింది: "కొళాయిలో రాని నీళ్లు ఫౌంటెన్‌లో ఎట్ల వస్తాయి?"

"దాంట్లో తిరిగి తిరిగి అవే నీళ్లు వస్తాయి."

"అట్లయితే కొళాయిలకూ అదే పెట్టండి."

హేమప్రియ అంతసేపు నవ్వాల్సిన మాటేమీ కాదు అది.

అక్టోబరు 21, బుధవారం

వాన. మోకాలు నొప్పి. చింతపండు ధర పెరిగింది.

అక్టోబరు 25, ఆదివారం

ఆమె పని గురించి కూడా నాలుగు ముక్కలు రాయడం న్యాయం.

మా ఊరి నీళ్ల ట్యాంకు సెట్టి వీధి పక్కనే ఉంది. మా వీధి, అంటే తెలుగు సెట్ల వీధి, పల్లంలో ఉంది కాబట్టి ఎప్పుడు వదిలినా నీళ్లు ముందు మాకే పారతాయి. ఊరి చివర మిట్ట వీధి. అక్కడికి ఎక్కేవి కావు. ఎప్పుడొస్తాయో తెలియక అక్కడి ఆడవాళ్లు కూలికి కూడా పోకుండా బిందెలు పెట్టుకొని కూర్చునేవాళ్లు. కమలవేణి గెలిచిన కొత్తలో వాల్వులు తిప్పే గోవిందసామిని వెంటబెట్టుకొని వీధి వీధీ తిరిగింది. మిట్ట వీధికి వదిలేటప్పుడు మిగతా వాల్వులన్నీ కట్టేయాలంది. ప్రతి వీధి మొదట్లో గోడ మీద ఆ వీధి వారమూ గంటా రాయించింది. మిట్ట వీధికి ఆదివారం, బుధవారం, తెల్లవారి ఐదు గంటలు. సెట్టి వీధికి శనివారం, మంగళవారం. అంతే ఆమె చేసింది. నీళ్లు బొట్టు పెరగలేదు, ఎప్పుడొస్తాయో తెలిసింది.

మంచి పనే. కాదనను. కానీ పుస్తకంలో ఎలా వేస్తాం? దీనికి రాతి ఫలకం లేదు, ప్రారంభోత్సవం లేదు. గంటకు ఫోటో తీయగలమా?

అక్టోబరు 27, మంగళవారం

పుస్తకానికి ప్రజల మాటలు నాలుగు కావాలి కదా అని సంతలో తిరిగాను. మా పాలనలో మీకు నచ్చిందేమిటి అని అడిగాను. వెల్లిచందై నుంచి టమాటా తెచ్చే ఆయన, "సారూ, మాది ఈ ఊరే కాదు, ఏమి చెప్పమంటారు" అన్నాడు. సరే, ఆయన్ను వదిలేశాను. మన ఊరివాళ్లను అడిగితే ఒక్కరూ వీధిదీపాల మాట ఎత్తరే. బడి గోడ మాట ఎత్తరే. గోడ మీద గంట, గోడ మీద గంట.

పూలమ్మే ముత్తమ్మాళ్ మిట్ట వీధి మనిషి. కనకాంబరాలు మూర కొలుస్తూ, "ఇప్పుడు పనికి పొయ్యొస్తుండాను నాయనా, అదే" అంది.

"వీధిదీపాలు?"

"అవీ వెలుగుతుండాయి."

మనిషి ఎదురుగా ఉంటే పొగడటానికి జనానికి మొహమాటం.

నవంబరు 1, ఆదివారం

కమలవేణి కోయంబత్తూరు పోయింది. మహిళా చైర్మన్లకు వారం శిక్షణట. శనివారం సాయంత్రానికి వస్తుంది, మరునాడే దీపావళి. మురుకులు డబ్బాలో పెట్టి, పండగ సరుకు పక్కకు తీయించి, బస్సెక్కే ముందు చెప్పింది: "వాల్వుల జోలికి మాత్రం పోవద్దండీ."

నేను వాల్వుల జోలికి ఎందుకు పోతాను? నా స్థాయి అది కాదు.

నవంబరు 3, మంగళవారం

ఆఫీసుకు పోయి ఆమె కుర్చీ పక్క కుర్చీలో కూర్చున్నాను. అక్కడికి ఫ్యాను గాలి రాదు. ఐదేళ్లలో ఈ సంగతి గమనించనేలేదు.

ఇద్దరు వచ్చి అక్క ఎప్పుడొస్తుందని అడిగారు. పనేమిటో నాకు చెప్పండి అంటే పరవాలేదు, శనివారం దాకా ఆగుతామన్నారు.

నవంబరు 6, శుక్రవారం

ఈ రోజు నిజంగా పరిపాలన చేశాను.

మధ్యాహ్నం స్వీటు అంగడి జయరామన్, ఇంకా నలుగురు సెట్టి వీధి పెద్దలు కొట్టుకు వచ్చారు. అందరూ మా కొట్టుకు తాతల నాటి ఖాతాదార్లు. జయరామన్ అన్నాడు: "మామా, దీపావళి వస్తుండాది. ఇండ్లు కడగాల, అంగడి కడగాల, బంధువులు వచ్చిండారు. రేపు మన వీధి వంతు ముగిసినాక ఇంకొంచేపు వదలమని చెప్పండి. కొసరుగా."

కొసరు. ఆ మాట వింటే నా చెయ్యి ఆగదు. మా తాత కాలం నుంచీ ఈ కొట్టులో పప్పు తూచాక గుప్పెడు పప్పు, బెల్లం తూచాక ముక్క బెల్లం కొసరుగా వేయకుండా ఎవరినీ పంపింది లేదు. తూకం వ్యాపారం, కొసరు మర్యాద అనేవాడు తాత. అడిగిన పాతఖాతాకు కొసరు లేదని చెప్పిన నోరు మా వంశంలో లేదు.

గోవిందసామిని పిలిపించాను.

"అన్నా, అక్కకు చెప్పినారా?" అన్నాడు.

"నేను చెప్తుండాను గదరా."

"ట్యాంకు నిండేది మెల్లగా అన్నా. రేపు మాపటికి గానీ కట్టకపోతే..."

"ఊరు నిండా నీళ్లుండాయి, కొంచెం కొసరు వేస్తే తరిగిపోతాదా?"

తల గోక్కుంటూ పోయాడు. కింది మనుషులకు చొరవ తక్కువ.

నవంబరు 7, శనివారం

సెట్టి వీధి అద్దంలా ఉంది. గడపలు కడిగారు, బండ్లు కడిగారు, జయరామన్ అంగడి ముందు రోడ్డు కూడా కడిగించాడు. సాయంత్రం దాకా కొళాయి ఆగలేదు. కొట్టు ముందు నుంచి పోయిన ప్రతి ఒక్కరూ, "చైర్మన్ సార్ అంటే చైర్మన్ సారే" అంటూ పోయారు. గుండె నిండింది. ఒక్కమాటలో చెప్పాలంటే మనిషిని జనం కోరుకోవడం అంటే ఇదే.

కమలవేణి వచ్చింది. బస్సు ప్రయాణంతో అలిసిపోయి అన్నం తిని పడుకుంది. నీళ్ల సంగతి చెప్పే సమయం కాలేదు.

నవంబరు 8, ఆదివారం

దీపావళి. బాగా జరిగింది.

నవంబరు 9, సోమవారం

నిన్న రాసింది ఒక పంక్తే. ఇప్పుడు చూస్తే ఆ పంక్తి కూడా నిజం కాదు.

తెల్లవారకముందే లేచి, తలకు నువ్వుల నూనె పెట్టుకొని, వేన్నీళ్లు పోసుకొని, అజీర్తి చేయకుండా తినే దీపావళి మందు ఉండ నాలుక మీద వేసుకొని, కొత్త పంచె కట్టాను. కమలవేణి ఇంకా నిద్రలో ఉంది, లేపలేదు. ఫోటోలు తీసే మనిషిని రమ్మని ముందే చెప్పి ఉంచాను. పుస్తకం అట్ట మీదికి పేదల వీధిలో పండగ ఫోటో ఉంటే బాగుంటుందని నా ఆలోచన. ఇద్దరం మైసూరుపాకు పెట్టెలు తీసుకొని మిట్ట వీధికి పోయాం.

వీధి మొదట్లో ముత్తమ్మాళ్ ఇల్లు. అరుగు మీద ఆమె ముగ్గురు మనవరాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. తలల నిండా నూనె. చెవుల మీదుగా కారి మెడల దగ్గర ఎండిపోయి ఉంది. ఒళ్లో కొత్త గౌన్లు మడత విప్పకుండా పెట్టుకున్నారు. పక్క అరుగు మీదా అంతే, ఆ పై అరుగు మీదా అంతే. వీధి పొడుగునా నూనె తలలే. టపాకాయ ఒక్కటీ పేలలేదు.

నేను చూసుకోలేదు. దీపావళి తలంటును మా వైపు గంగాస్నానం అంటారు, ఆ పొద్దున ఎవరినైనా ముందు అడిగే మాట అదే కదా, అలవాటుగా అడిగేశాను: "ఏమి ముత్తమ్మాళ్, గంగాస్నానం అయిందా?"

ఆమెకు కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

"ఇంకా గంగ రాలేదు నాయనా" అంది. "ఐదు గంటలని గోడ మీద రాసుండాది గదా, అందుకే నాలుగున్నరకే బిడ్డలకు నూనె పెట్టేసినాము. వస్తాదిలే. ఆ తల్లి రాయించినాక ఒక్కనాడూ తప్పలేదు."

అప్పటికి బాగా తెల్లవారింది. చిన్నపిల్ల ఒకతె కొళాయి కింద బిందెను సరిచేసి మళ్లీ వచ్చి కూర్చుంది. ఫోటోల మనిషి కెమెరా ఎత్తబోతే వద్దన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. కమలవేణి అప్పుడే తలకు నూనె పెట్టుకొని నీళ్లు కాగబెడుతోంది. మిట్ట వీధికి నీళ్లు పోలేదంట అన్నాను. ఎందుకంది. నా నోటికి ఏ మాట వచ్చిందో అదే అన్నాను. మోటారు చెడిపోయిందంట, అన్నాను.

ఆమె పొయ్యి ఆపేసింది. నూనె తలకు తువ్వాలు చుట్టుకొని అలాగే బయలుదేరింది. తోవలోనే ఇండూరులో తోట ఉన్న ఎవరికో ఫోన్ చేసి బావి నీళ్ల ట్యాంకరు రప్పించింది. మిట్ట వీధి చివరి ఇంటి చివరి పిల్లకు స్నానమయ్యేదాకా అక్కడే నిలబడిందట. నుదుటి మీద నూనె కారుతూ ఊరి మధ్య నుంచి నడిచి వస్తుంటే సెట్టి వీధి మొత్తం చూసింది. ఇంటికి వచ్చి స్నానం చేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

నేను కొత్త పంచెతో కుర్చీలో కూర్చునే ఉన్నాను.

ఇంకొకటి రాయాలి. ఆమె గోవిందసామిని పిలిచి అడిగిందట. వాడు నా మాటే చెప్పాడు. "అవునక్కా, మోటారే" అన్నాడట.

నవంబరు 10, మంగళవారం

మోటారుకేమీ పరువు పోదు కదా అని పొద్దున లేవగానే అనుకున్నాను. మధ్యాహ్నానికి తెలిసింది, ఆమె ఎలక్ట్రీషియన్‌ను పంపి మోటారు చూపించిందని. మోటారు బాగుంది. మోటారు బాగుంటే ట్యాంకు ఖాళీ చేసింది గోవిందసామి అనే కదా అర్థం. అందరి ముందూ వాడిని నిలదీసింది. వాడు తల వంచుకొని నిలబడ్డాడు. రేపటి నుంచి వేరేవాడు చూస్తాడని వాల్వుల తాళాలు తీసేసుకుంది. అప్పటికీ వాడు నా పేరు ఎత్తలేదు.

అన్నం సహించలేదు. సంత బేరం కూడా చూడలేదు.

సాయంత్రం ఆమె కందిపప్పు తీసుకుపోదామని కొట్టులోకి వచ్చింది. ఎవరూ లేరు. చెప్పేశాను. జయరామన్ వాళ్లు రావడం, కొసరు అడగడం, నేను గోవిందసామిని పిలవడం, అన్నీ. చెబుతుంటే ఆమె పప్పు కొలిచే డబ్బా పట్టుకొని అలాగే నిలబడింది.

అంతా విని, డబ్బాతో పప్పు తీసి సంచిలో పోసింది. ఇంకో గుప్పెడు తీసి చూపించింది.

"ఇది కొసరు. ఎవురి మూటలోది?"

"మనదే."

"శనివారం మీరు వేసింది ఎవురి మూటలోది?"

ఆ గుప్పెడు పప్పు మళ్లీ మూటలో వేసేసింది.

"మీది చెడ్డ చెయ్యి కాదండీ" అంది. "మీ చెయ్యి చూసే గదా మా నాయన నన్ను ఈ ఇంటికి ఇచ్చింది. కానీ ఆడ, ట్యాంకు కాడ, మనకు మూట లేదు. ఆడుండేదంతా తూకమే."

నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గెందుకు, ఎవరు చదువుతారు. కళ్లు తుడుచుకొని, చాలా రోజులుగా అడగాల్సిన మాట ఒకటి అడిగాను.

"నీకు మళ్లీ నిలబడాలని ఉండాదా?"

"అడిగినారే" అంది. "పోయినసారి పేరు ఇచ్చి వచ్చినాక చెప్పినారు నాకు. ఇప్పుడు అడిగినారు."

"ఉండాదా?"

"ఉండాది."

అంతటితో ఆగలేదు. ఏమేం చేయాలనుకుంటోందో చెప్పడం మొదలుపెట్టింది. సంతకు వచ్చే ఆడవాళ్లకు గడియ పడే తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి. మిట్ట వీధికే చిన్న ట్యాంకు ఒకటి, ఇంకెవరి వంతుతోనూ పని లేకుండా. చెత్త బండికి కూడా గోడ మీద గంట. ఒకదాని మీద ఒకటి చెబుతూనే ఉంది. గెలిచినప్పటి నుంచీ ఇవన్నీ ఆమె మనసులో ఉన్నాయి, నేను ఆర్చికి కొలతలు వేసుకుంటూ ఉన్నాను. దీపం పెట్టే వేళ దాటిపోయింది, ఇద్దరమూ చూసుకోలేదు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆమె నాతో అంతసేపు మాట్లాడింది లేదు. సంతోషంగా ఉంది.

నవంబరు 11, బుధవారం

తెల్లవారి గోవిందసామి ఇంటికి పోయాను. కమలవేణి నా చేతికిచ్చిన తాళాలు తిరిగి వాడికి ఇచ్చాను. "నా పేరు యాల చెప్పలేదురా?" అంటే, "మీ కొట్టు ఉప్పు తింటుండాను అన్నా, కొసరు ఉప్పు" అని నవ్వాడు. వాడి నవ్వు చూస్తే ఇంకా సిగ్గేసింది.

అక్కడి నుంచి మిట్ట వీధికి. ఐదు కావస్తోంది. అందరూ బిందెలతో బయటే ఉన్నారు. కమలవేణి రానంది, మీరే చెప్పండంది. కొళాయి పక్కన నిలబడి, మీ ఆదివారం నీళ్లు ముందురోజే మా వీధికి వదలమన్నది నేనే, మోటారూ కాదు గోవిందసామీ కాదు, అన్నాను. ఒక పడుచు మనిషి గట్టిగానే తిట్టింది. పడ్డాను. మిగతావాళ్లు బిందెలు సర్దుకున్నారు. మైకుల్లో ఎన్నోసార్లు మాట్లాడాను గానీ, ఇంత చిన్న ఉపన్యాసానికి ఇంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

"సరే నాయనా, కొంచెం జరుగు" అంది ముత్తమ్మాళ్. "నీళ్లు వస్తుండాయి."

వచ్చాయి. గోడ మీద రాసిన గంటకే.

నవంబరు 12, గురువారం

జయరామన్ అలిగాడు. కమలవేణి మా వీధికి వచ్చే శనివారం వంతు కోసి మిట్ట వీధికి ఇచ్చింది, పోయిన శనివారం తీసుకున్నదానికి బదులు. మా ఇంటికీ నీళ్లు రావు. రెండు బిందెలు హేమప్రియ ధర్మపురి నుంచి కారులో ముందుగానే తెచ్చింది. దారంతా నవ్వుకుంటూ వచ్చానని చెప్పింది.

నవంబరు 13, శుక్రవారం

ధర్మపురి పోయి వరదరాజన్‌ను కలిశాను. కాఫీ తెప్పించాడు.

"చెప్పండి నటరాజన్, మీ పేరే గదా?"

"కమలవేణి" అన్నాను.

"అది పోయినసారి పేరు."

"ఈసారి కూడా అదే. పోయినసారి ఆమెను అడగకుండా ఇచ్చినాను. ఈసారి అడిగి ఇస్తుండాను."

ఆయన నా మొహం చూశాడు. ఏదైనా గొడవా అన్నాడు. ఏమీ లేదన్నాను. మరి మీరేం చేస్తారంటే, కొట్టు ఉంది కదా అన్నాను. బయటికి వచ్చాక బస్టాండు దగ్గర వేరుశనక్కాయలు కొనుక్కొని తింటూ నిలబడ్డాను. గుండెలో కొంచెం వెలితి ఉంది, లేదని రాయను. అది ఇంటికి వచ్చేదాకా ఉంది. ఇంట్లో రాగి సంకటి, చిక్కుడుకాయ పులుసు.

నవంబరు 15, ఆదివారం

హేమప్రియ పుస్తకం మార్చింది. కత్తెర ఫోటోలు తీసేసింది. ఒక్క కొబ్బరికాయ ఫోటో మాత్రం నా మొహం చూసి వదిలేసింది. అట్ట మీద మిట్ట వీధి గోడ. గంటకు కూడా ఫోటో తీయవచ్చు, నేనే తీశాను. వెనక సగం కమలవేణి చెప్పింది, హేమప్రియ రాసింది. ఫౌంటెన్ లేదు. ఆర్చిని గురించి ఇంకోసారి మెల్లగా అడిగి చూడాలి.

నవంబరు 17, మంగళవారం

సంత. బేరం బాగుంది.

టీ కొట్టువాడు, "రండి చైర్మన్ సార్" అన్నాడు. చైర్మన్ ఆఫీసులో ఉండాది, నేను కొట్టులో ఉండేవాణ్ణి అన్నాను. టీ మాత్రం ఎప్పటిలాగే బాగుంది.

తిరిగి వస్తూ ముత్తమ్మాళ్ దగ్గర కమలవేణికి మూర కనకాంబరాలు అడిగాను. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచింది. తెంపబోయి ఆగింది. ఇంకో జానెడు వదిలి తెంపింది.

"ఇది?" అన్నాను.

"కొసరు" అంది. "ఆ తల్లికి. నా గంపలోదే నాయనా, తీసుకుపో."

రెండు చేతులతో తీసుకున్నాను. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు, పూలు వాడిపోతాయని. ఇంటికి వచ్చి ఆమె జడలో నేనే పెట్టాను. ఒక మూర, ఒక జానెడు.